చింతపిక్కలు పారేయకండి

ఈసారి పోస్టు పంట గురించి కాదు. మన ఇళ్ళల్లో మూడేళ్ళు నిండి, ఇంకా ఒకటో తరగతికి వెళ్ళని చిన్నపిల్లల గురించి. కాస్త పొడుగు ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి వాళ్ళు హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటారు. అల్లుడు సినిమా సెట్టింగుల్లో కార్పెంటర్. పక్కనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ బంగళాలు. కృష్ణానగర్‌లో మాత్రం జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, సెట్టు పనివాళ్ళు ఇరుకు గదుల్లో అద్దెకుంటారు. మన కూలీల లాగే వాళ్ళకీ పని ఉన్న రోజే డబ్బు. 2025 ఆగస్టులో జీతాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికులు సమ్మె చేస్తే రెండు వారాలు దాటి షూటింగులు ఆగిపోయాయి. మా ఆవిడ కంటి పరీక్ష కోసం వెళ్ళి అప్పుడు మేమూ అక్కడే ఉన్నాం.

సరిగ్గా అదే వారంలో నాలుగేళ్ళ మనవరాలి స్కూలు వాళ్ళు యాక్టివిటీ కిట్టు కోసం 3,500 కట్టమన్నారు. ఏముందో చూద్దామని వెళ్ళాను. రంగు పూసలు, చెక్క ముక్కలు, అక్షరాల అట్టలు. వస్తువులు మంచివే, వంక పెట్టను. కానీ మనం ఇంట్లో చేసుకోలేనిది ఒక్కటీ లేదు.

"ఆ కిట్టేదో మనమే చేద్దామమ్మా" అన్నాను. "చెయ్యి నాన్నా, అది ఫోను అడక్కుండా ఉంటే అదే పదివేలు" అంది అమ్మాయి. వారంలో చేసినవి ఇవీ:

1. చింతపిక్కలు. ఐదు పిక్కలు తీసుకుని ఒక వైపు గరుకు నేల మీద తెల్లగా అరగదీయాలి. అష్టాచెమ్మాకి మనం చేసుకున్నట్టే. గుప్పిట్లో ఊపి వేస్తే ఒకసారి మూడు తెలుపు, రెండు నలుపు. ఇంకోసారి నాలుగు, ఒకటి. ఎలా పడ్డా మొత్తం ఐదే. నాలుగో రోజు నల్లవి చేత్తో మూసేసి "తెల్లవి మూడున్నాయి, దాచినవెన్ని?" అంటే పిల్ల "రెండు" అంది. కూడిక, తీసివేత అనే మాటలు దానికింకా తెలీదు, లెక్క మాత్రం తెలిసింది.

2. గింజలు ఏరడం. కందులు, పెసలు, మినుములు, శనగలు కలిపి పళ్ళెంలో పోసి వేరు చెయ్యమనాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి గింజ పట్టే పట్టే రేపు పెన్సిల్ పట్టుకోవడానికి పనికొస్తుంది. అలవాటయ్యాక కళ్ళు మూసుకుని తడిమి పేరు చెప్పమనండి.

3. త్రాసు. రెండు కొబ్బరి చిప్పలు, పురికొస, ఒక చెక్క బద్ద. ఏది బరువో ముందు చేత్తో పట్టుకుని చెప్పాలి, తర్వాత తూచాలి. అల్లుడు సెట్టులో మిగిలిన థర్మాకోల్ ముక్క ఒకటి, ఒక పెద్ద మేకు ఇచ్చాడు. మేకు ఉన్న చిప్ప కిందికి దిగగానే పిల్ల మొహం చూడాలి! పెద్దదల్లా బరువు కాదని ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

4. రవ్వ పళ్ళెం. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో రాయిస్తాం, మర్నాడే పెన్సిలిచ్చి కూర్చోబెడతాం. పళ్ళెంలో పల్చగా బొంబాయి రవ్వ పోసి వేలితో రాయనివ్వండి. తప్పు పడితే పళ్ళెం ఊపితే చెరిగిపోతుంది. పిల్లకి భయముండదు.

మన రైతుల ఇళ్ళకి ముఖ్యమైన జాగ్రత్త. మందు పట్టించిన విత్తనాలు, అంటే రంగు పూసి ప్యాకెట్లలో వచ్చే మొక్కజొన్న, పత్తి లాంటివి ఇవ్వకండి. పురుగుమందు డబ్బాలు, వాటి మూతలు ఎంత కడిగినా ఆటకి పనికిరావు. గురివింద, ఆముదం, ఉమ్మెత్త గింజలు విషం. మూడేళ్ళ లోపు పిల్లలకి ఏ చిన్న గింజా వద్దు, గొంతులోనో ముక్కులోనో ఇరుక్కుంటుంది. పెద్ద పిల్లలైనా పక్కన మనిషి ఉండాలి.

ఇదంతా పేదవాళ్ళ సర్దుబాటు అనుకోకండి. మాంటిస్సోరి స్కూలు అని బోర్డులు చూస్తుంటాం కదా. ఆ పేరు ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరిది. 1907లో రోమ్‌లో ఆవిడ మొదటి బడి పెట్టింది కూలినాలి చేసుకునే వాళ్ళ పిల్లలకే. అక్కడ పిల్లలు వస్తువులు పట్టుకుని, పోసి, సర్ది నేర్చుకునేవాళ్ళు. 1939లో మద్రాసు వచ్చి మన దేశంలో టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చింది. మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళూ చుట్టుపక్కల పల్లె బడుల కోసం బొమ్మల కార్డులు, ఆట సామాన్లతో నేర్పే పద్ధతి తయారుచేశారు.

మనకి ఊళ్ళోనే అంగన్‌వాడీ ఉంది. ఆ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. గుడ్డు, పాలు ఇవ్వడం ఒక్కటే దాని పని కాదు, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో నేర్పడం కూడా. కానీ మనం నర్సరీ ఫీజుకి వడ్డీకి తెస్తాం గానీ, అంగన్‌వాడీలో పిల్లలు దేంతో ఆడుకుంటున్నారో ఒక్కసారి తొంగిచూడం. పంట మీద తెచ్చిన అప్పుకే ఆపసోపాలు పడుతున్నాం, నాలుగేళ్ళ పిల్లల పూసల కోసం ఇంకో అప్పా?

ఈ వారం ఒక పని చెయ్యండి. శేరు చింతపిక్కలు కడిగి ఎండబెట్టి, నాలుగు కొబ్బరి చిప్పలు నున్నగా గీకి, మీ ఊరి అంగన్‌వాడీ టీచరమ్మకి ఇచ్చి రండి. వీలైతే అరగంట కూర్చుని త్రాసు కట్టి పెట్టండి. మీ చిన్నప్పుడు ఆడిన ఆటల్లో లెక్క వచ్చినవి ఏమున్నాయో కింద రాయండి. తాటికాయ బండి గురించి ఎవరైనా వివరంగా రాస్తే నాకూ పనికొస్తుంది.