అమ్మ పేర పొలం, అల్లుడు అతిథి

మన ఇళ్ళల్లో కూతురు పుడితే “ఆడ”పిల్ల, అంటే ఆడ ఉండాల్సిన పిల్ల, ఈడ పిల్ల కాదు అని వేళాకోళం చేస్తారు కదా! మరి కొడుకే “ఆడ” పిల్లాడయ్యే ఊళ్ళు కూడా ఉన్నాయంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు, వెళ్ళి చూసేదాకా.

మా అమ్మాయి కౌలాలంపూర్లో ఉద్యోగం చేస్తోంది. 2024 సెప్టెంబరులో దాని దగ్గరికి వెళ్ళినప్పుడు “పక్కనే ఇండోనేషియా, నాలుగు రోజులు తిరిగొద్దాం రా అమ్మా” అంటే బయల్దేరాను. సుమత్రా దీవిలో పడాంగ్ అనే ఊళ్ళో విమానం దిగి, అక్కణ్ణించి కొండదారిన కారులో వెళ్ళాం. అనాయ్ లోయలో రోడ్డు పక్కనే జలపాతం. తుంపర్లు కారు అద్దాల మీద పడుతున్నాయి. ఆ ఏడాది మే నెలలో మారాపి అగ్నిపర్వతం మీది బూడిదా, బండరాళ్ళూ వర్షపునీటితో కలిసి కిందికి కొట్టుకొచ్చి 60 మందికి పైగా చనిపోయారట. విరిగిన రోడ్డు మళ్ళీ కట్టారు గాని, లోయలో ఇళ్ళంత బండలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ మారాపి వాలులోనే ఉంది మేం వెళ్ళిన పరియాంగన్. మినాంగ్‌కబావ్ జనం తమ జాతి మొట్టమొదట స్థిరపడిన ఊరు ఇదేనని చెప్పుకుంటారు.

మెట్లు మెట్లుగా వరి మళ్ళు. మధ్యలో గేదె కొమ్ముల్లా రెండువైపులా పైకి లేచిన కప్పులతో చెక్క ఇళ్ళు. “రుమా గదాంగ్” అంటారు, అంటే పెద్ద ఇల్లు. మసీదు పక్కన వేడినీటి ఊట ఉంది, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు స్నానాల గదులు. పొద్దున్నే భుజాన తువ్వాలేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఊరి ఆడవాళ్ళంతా అక్కడికే. మన ఊళ్ళో చెరువుగట్టు జ్ఞాపకం వచ్చింది.

మాకు బస ఇచ్చిన ఇంట్లో డెబ్భై దాటిన పెద్దావిడ. అందరూ ఆవిణ్ణి “అమాక్” అంటారు, అంటే అమ్మ. చెల్లెలి కూతురు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. మా ఇద్దరి మధ్యా దుబాసీ ఆ అమ్మాయే. పనసకాయ కొబ్బరిపాలలో ఉడికించిన కూర, నూరిన ఎర్రమిరపకాయల కారం, వేడన్నం పెట్టారు. వాళ్ళకి పేరు తెచ్చిన రెండాంగ్ గొడ్డుమాంసంతో చేస్తారు కనక నేను ముట్టలేదు గాని, వండే తీరు మాత్రం కూర్చుని చూశాను. కొబ్బరిపాలూ మసాలా మొత్తం ఇంకి, నూనె తేలి, ముక్క నల్లబడేదాకా గంటల తరబడి కలుపుతూనే ఉండాలి. రోజుల తరబడి చెడదు. దూరదేశాలకి వెళ్ళే కొడుకులకి మూటగట్టి ఇచ్చేవాళ్ళట, మనం ఆవకాయ జాడీ ఇచ్చినట్టు.

కొడుకులే ఎందుకు వెళ్తారంటారా? ఇక్కడ ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. వంశం పేరు కూడా తల్లిదే. పెద్దింట్లో గదులన్నీ పెళ్ళయిన ఆడవాళ్ళవే. మగపిల్లాడికి గది ఉండదు. కాస్త ఎదగ్గానే రాత్రిళ్ళు ప్రార్థనశాలలో తక్కిన కుర్రాళ్ళతో పడుకునేవాడు. పెళ్ళయితే భార్య ఇంటికి వెళ్ళేవాడు. అక్కడ అతను అల్లుడు, అంటే అతిథి. మోడు మీద బూడిద లాంటివాడని సామెత ఉందిట, గాలి వీస్తే ఎగిరిపోతాడని! పాతకాలంలో చీకటి పడ్డాక భార్య దగ్గరికి వచ్చి, తెల్లవారగానే తన తల్లి పొలంలో పనికి పోయేవాడు. ఇప్పుడు చాలామంది భార్యాబిడ్డలతో చిన్న ఇళ్ళల్లో విడిగానే ఉంటున్నారు. అయినా మగపిల్లలు ఊరు దాటి సంపాదించుకు రావాలనే అలవాటు పోలేదు. జకార్తాలో, మలేషియాలో ఎక్కడ చూసినా పడాంగ్ భోజన హోటళ్ళు కనిపించడం అందుకేనట.

ఇదంతా విని ఆడరాజ్యం అనుకునేరు. కాదు. ఊరి సభలో కూర్చుని మాట్లాడే పెద్ద మగవాడే. పొలం వ్యవహారాలు చూసేది తల్లి అన్నదమ్ముడు. అతన్ని “మామాక్” అంటారు. అచ్చం మన మేనమామే! మన దగ్గర పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావడంతో మేనమామ పని అయిపోతుంది. అక్కడ మేనకోడళ్ళ ఆస్తికి కాపలా అతనే. ఆ పెద్దరికం కూడా అతని కొడుక్కి రాదు, అక్క కొడుక్కి వెళ్తుంది. ఇంకో సంగతి. సముద్రం వైపు పరియామన్ ప్రాంతంలో ఆడపిల్లవాళ్ళు డబ్బిచ్చి మరీ వరుణ్ణి ఇంటికి తెచ్చుకునే ఆచారం ఉంది. అది విన్నప్పుడు మాత్రం “ఇక్కడా అంతేనా!” అనిపించింది నాకు.

మనకి పిత్రార్జితం, స్వార్జితం ఉన్నట్టే వాళ్ళకీ రెండు రకాల ఆస్తి ఉంది. భార్యాభర్తలు సంపాదించుకున్నది ఇస్లాం ధర్మం ప్రకారం కొడుకులకీ కూతుళ్ళకీ పంచుతారు. అమ్మమ్మల నాటి నుంచి వచ్చినది, మాత్రార్జితం అందామా, అది మాత్రం కూతుళ్ళ వంశానిది. దాన్ని అమ్మకూడదు. తాకట్టు పెట్టాలన్నా ఆచారం నాలుగు కారణాలకే ఒప్పుకుంటుంది. ఇంట్లో శవం ఉండి అంత్యక్రియలకి డబ్బు లేకపోతే, ఎదిగిన ఆడపిల్ల పెళ్ళి కాకుండా ఉండిపోతే, పెద్దింటి కప్పు కారుతుంటే, వంశానికి కొత్త పెద్దని నిలబెట్టాల్సి వస్తే. అంతే. అమాక్ వేళ్ళు ముడుస్తూ చెప్పి, “కప్పు కారుతూనే ఉంది” అని పైకి చూపించి నవ్వింది. ఒకప్పుడు తాటిజాతి చెట్టు నల్లపీచుతో నేసిన కప్పట. ఇప్పుడు రేకు.

ఇంటి ముందు ధాన్యపు గాదెలుండేవి, దేనికదే. రోజూ తినడానికి ఒకటి, అమ్మి సరుకులు కొనుక్కోవడానికి ఒకటి, కరువులో లేనివాళ్ళకి పెట్టడానికి ఒకటి. ఈ ఇంట్లో ఒక్కటే మిగిలింది. అందులో ఇప్పుడు సైకిలూ పాత కుర్చీలూ ఉన్నాయి.

రెండో రోజు సాయంత్రం “కావా” ఇచ్చారు. కాఫీ గింజలతో కాదు, కాల్చిన కాఫీ ఆకులతో కాచిన నీళ్ళు, కొబ్బరిచిప్పలో. 19వ శతాబ్దంలో డచ్చివాళ్ళు కాఫీ పండించమని నిర్బంధించి గింజలు పట్టుకుపోతే, పండించినవాళ్ళకి ఆకులే మిగిలాయట. అది తాగుతుండగానే పెద్దమ్మా కూతుళ్ళకి మాటామాటా వచ్చింది. ఊరికి టూరిస్టులు వస్తున్నారు, ఇల్లు బాగుచేసి నాలుగు గదులు అద్దెకిద్దామని టీచరమ్మాయి కోరిక. బ్యాంకుకి వెళ్తే పట్టా కాగితం తెమ్మన్నారు. పట్టా కావాలంటే ఇంటి ఆడవాళ్ళూ మామాకూ అందరూ సంతకం పెట్టాలి. కొందరు జకార్తాలో, ఒకరు మలేషియాలో. అమాక్ అసలే పెట్టనంటోంది. “కాగితం మీద ఒకరి పేరు పడ్డాక, ఆ ఒకరు అమ్ముకోవచ్చు” అని ఆవిడ మాట. “అమ్మకుండా కూలిపోతే ఎవరికి లాభం?” అని పిల్ల మాట. నన్ను అడిగితే ఇద్దరిదీ న్యాయమే. నేనైతే పిల్ల పక్కన ఉండేదాన్నేమో, కానీ పైకి అనలేదు.

అప్పుడు అమాక్ నన్ను అడిగింది, “మీ అమ్మ పొలం నీదేనా?” అని.

ఏం చెప్పను? నా పెళ్ళి 1984లో. మరుసటి ఏడు మన రాష్ట్రంలో కూతుళ్ళకి పిత్రార్జితంలో సమానవాటా చట్టం వచ్చింది గాని, 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయినవాళ్ళకి వర్తించదన్నారు. నాన్నగారు పోయాక వారసత్వంగా ఏదో కొంత నాకూ వస్తుందని తెలుసు. ఈలోపే అన్నయ్య కాగితం తెచ్చాడు. అమ్మ “సంతకం పెట్టవే, పుట్టింటికి రాకపోకలుండాలి కదా” అంది. పెట్టాను. అమ్మకి తన పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం కూడా అందులోనే పోయింది. అది అమ్మది కదా అని ఆవేళ ఎవరికీ తోచలేదు, అమ్మకి కూడా. 2005లో చట్టం మారి పెళ్ళయిన కూతుళ్ళకీ హక్కు వచ్చిందని పేపర్లో చదివి మడిచి పెట్టేశాను.

“అన్నయ్యదండీ” అన్నాను.

ఆవిడకి అర్థంకాలేదు. టీచరమ్మాయి మళ్ళీ చెప్పింది. “మరి నువ్వు ఊరెళ్తే ఎక్కడ పడుకుంటావు?” అని అడిగింది ఆవిడ.

“ముందు ఫోన్ చేసి వెళ్తాను” అన్నాను.

మా అమ్మాయి నా వైపు చూసింది. తిరుగు ప్రయాణంలో కారెక్కాక “అమ్మమ్మ పొలం సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?” అంది. అమాక్ ఇచ్చిన కర్రపెండలం చిప్సు కారంగా ఉన్నాయి. ఆ పొట్లం ఇద్దరం మార్చి మార్చి తింటూ, పడాంగ్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. గట్టు మీది మామిడిచెట్టుతో సహా.