‘స్త్రీ’కి ఎన్ని గళ్ళు?

లైనక్స్ వాడేవాణ్ణి హాస్టల్లో అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. "హ్యాకింగ్ వచ్చా?" "వైఫై పాస్‌వర్డ్ తీయగలవా?" "అందులో గేమ్స్ నడవవు కదా, మరెందుకురా?" కాస్త సీరియస్‌గా ఉండేవాళ్ళయితే "ప్లేస్‌మెంట్స్‌కి పనికొస్తుందా?" అంటారు. వీటన్నిటికీ నా దగ్గర రెడీమేడ్ జవాబులున్నాయి. ఈ రెండేళ్ళలో నాకు జవాబు వెంటనే దొరకని ప్రశ్న ఒక్కటే వచ్చింది. అది అడిగింది మా అమ్మమ్మ.

నేను లైనక్స్‌కి మారడం వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ నాకొచ్చింది. 4 జీబీ ర్యామ్, ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. లైనక్స్ మింట్ వేశాక దానికి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత చిన్న చిన్న స్క్రిప్టులు మొదలుపెట్టా. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సర్దడానికి ఒకటి, ల్యాబ్ రికార్డుల పేర్లు మార్చడానికి ఒకటి. ఇవి ఎవరూ ఇచ్చిన అసైన్‌మెంట్లు కావు, మార్కులూ లేవు. అందుకేనేమో సరదాగా ఉండేది. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ తన పని గురించి మొదటిసారి నలుగురికీ చెప్పినప్పుడు ఇది హాబీయే అన్నాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు, హెల్సింకీలో స్టూడెంట్. నాకింకా రెండేళ్ళు టైముంది అని అప్పుడప్పుడూ నాకు నేనే చెప్పుకుంటుంటా.

అమ్మమ్మకి రోజూ పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తి చేస్తేగానీ మధ్యాహ్నం కునుకు పట్టదు. నిరుడు శుక్లాల ఆపరేషన్ ఒక కంటికి అయింది, రెండోది కాలేదు. పేపర్లో ఆ చిన్న అక్షరాలు ఆవిడకి ఆనడం లేదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆధారాలు చదివే డ్యూటీ నాకు పడింది. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, కూడబలుక్కుని చదివేసరికి ఆవిడ జవాబు చెప్పేసేది. అలా చదువుతుంటే ఒకరోజు నా ల్యాప్‌టాప్ వైపు చూసి, "ఏరా, నీ నల్లడబ్బాకి గళ్ళనుడికట్టు వచ్చా?" అంది.

ఇంగ్లీషుకైతే వచ్చు. లైనక్స్‌లో మాటల జాబితా ఫైల్ ఒకటి దొరుకుతుంది. మూడక్షరాల మాట, మొదటిది సీ, చివరిది టీ అనుకోండి. లైన్ మొత్తం సరిపోవాలని చెప్పి గ్రెప్‌కి సీ, చుక్క, టీ అని ఇస్తే చాలు. చుక్క అంటే ఏదో ఒక అక్షరం. ఒక్క లైన్, పని అయిపోతుంది.

తెలుగులో ఆ చుక్క దగ్గరే కథ మొదలవుతుంది.

మీరూ చేసి చూడండి. టెర్మినల్లో ‘స్త్రీ’ అనే మాటని ప్రింట్‌ఎఫ్‌తో డబ్ల్యూసీకి పంపండి. (ఎకో వాడితే చివరి కొత్త లైన్ కూడా లెక్కలో కలుస్తుంది.) బైట్లు ఎన్ని అంటే 18 అంటుంది. క్యారెక్టర్లు ఎన్ని అంటే 6. పైథాన్‌లో లెన్ అడిగినా 6 అనే అంటుంది. అమ్మమ్మని అడిగితే, "ఒకటేరా, ఒక గడి."

ముగ్గురి లెక్కా కరెక్టే. యూనికోడ్‌లో వత్తులకి విడిగా నంబర్లు లేవు. స, విరామం, త, విరామం, ర, చివర గుడి దీర్ఘం. మొత్తం ఆరు. యూటీఎఫ్-8లో తెలుగు ముక్క ఒక్కోదానికి మూడు బైట్లు, కాబట్టి ఆరు మూళ్ళు పద్దెనిమిది. ‘సంక్రాంతి’ అమ్మమ్మకి మూడు గళ్ళు, పైథాన్‌కి 9, డిస్కుకి 27 బైట్లు. తమాషా ఏంటంటే, గ్రెప్ రాసిన కెన్ థాంప్సనే 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 కూడా తయారుచేశాడు.

గళ్ళకి సరిపోయే లెక్క గురించి వెతికితే గ్రాఫీమ్ క్లస్టర్ అనే మాట దొరికింది. అంటే మనిషి కంటికి ఒకటిగా కనిపించే అక్షరం. ఆశగా ప్రయత్నిస్తే నా ల్యాప్‌టాప్‌లో ‘స్త్రీ’కి 3 వచ్చింది. తెలుగు లాంటి లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదనే రూల్ 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదట. నా సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీ అంతకంటే పాతది.

ఇక రూల్ నేనే రాయాలి. దానికి నాకు డాక్యుమెంటేషన్ అమ్మమ్మే. "సున్నాకి వేరే గడి ఉంటుందా?" "ఉండదు, ముందు అక్షరంతోనే." "విసర్గ?" "అదీ అంతే." "మాట చివర పొల్లు వస్తే?" "దానికి వేరే గడి ఇస్తారు. రోజూ చూస్తున్నావుగా!" ఆవిడ చెప్పింది అలాగే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అయింది. ఒక అచ్చు, లేదా ఒక హల్లు. హల్లు తర్వాత విరామం, ఇంకో హల్లు ఎన్నిసార్లయినా. తర్వాత గుణింతం గుర్తు ఉంటే ఉంటుంది. చివర సున్నా, విసర్గ ఉంటే అవీ. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ మాటల మధ్యలో దూరి ఉంటుంది, ముందు దాన్ని ఏరిపారేయాలి. అంతా కలిపి 15 లైన్లు. ఒకటో తరగతిలో దిద్దిన గుణింతాలు నాకు అసలు అర్థమైంది ఆ రోజే అనిపించింది.

స్క్రిప్ట్ ఉంది, మాటల జాబితా లేదు. ఇంగ్లీషుకి ఉన్నట్టు నా సిస్టమ్‌లో తెలుగు మాటల ఫైల్ ఏదీ లేదు. పాత పేపర్లలో అమ్మమ్మ నింపిన గళ్ళు చూసి టైప్ చేయడం మొదలుపెట్టా. పలుపు, కవ్వం, గాదె, చేద, కుంపటి. వాటిలో సగం మాటలు నేను జీవితంలో వినలేదు. పలుపు అంటే పశువుని కట్టే తాడట. "మనింట్లో గేదెలుండేటప్పుడు మీ అమ్మ రోజూ పట్టుకున్న తాడేరా అది," అంది. మా అమ్మ గేదెల్ని కట్టేదన్న సంగతి కూడా నాకు ఆ ఫైల్ వల్లే తెలిసింది.

నాలుగు వందల మాటలు దాటాక స్క్రిప్ట్ నడిపా. మూడు గళ్ళు, చివర ‘పు’. టక్కున మూడు మాటలు వచ్చాయి. గర్వంగా చదివి వినిపించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆపరా. నువ్వు చెప్పేస్తే ఇంక నాకేం మిగుల్ద్ది?"

నేనేం మాట్లాడలేదు. నాకు అది ప్రాబ్లమ్, సాల్వ్ చేయాలి. ఆవిడకి అది పొద్దున్నుంచీ ఎదురుచూసే గంట. ఆవిడకి కావాల్సింది జవాబు కాదు, ఆధారం. అది కనిపించకే ఇబ్బంది పడుతోంది.

అందుకని ఇప్పుడు దాన్ని తిప్పి వాడుతున్నా. సాయంత్రం మెస్‌కి వెళ్ళేముందు షఫ్ కమాండ్ ఆ ఫైల్లోంచి ఒక మాట తీసిస్తుంది. అమ్మమ్మకి ఫోన్ చేసి ఎన్ని గళ్ళో, మొదటి అక్షరం ఏదో చెప్తా. ఆవిడ మాట చెప్పి, దాన్ని వాడుతూ ఒక వాక్యం చెప్తుంది. ఫైల్లో రెండో కాలమ్ ఆ వాక్యం. ‘గాదె’ పక్కన ఇలా ఉంది: "గాదె కింద పందికొక్కు దూరిందని మీ తాతయ్య రాత్రంతా కర్ర పట్టుకు కూర్చున్నాడు." తాతయ్యని నేను చూడలేదు.

మొన్న నా రూమ్మేట్ స్క్రీన్ చూసి, "ఇది గిట్‌హబ్‌లో పెట్టు, రెజ్యూమేలో పడుతుంది" అన్నాడు. స్క్రిప్ట్ పెడతా, ఎవరికైనా పనికొస్తుంది. రెండో కాలమ్ మాత్రం పెట్టను. దానికి మూడు చోట్ల బ్యాకప్ ఉంది.

మీలో ఎవరికైనా ఈ పని చేయాలనిపిస్తే ప్రోగ్రామింగ్ పెద్దగా రానక్కర్లేదు. ఒక టెక్స్ట్ ఫైల్ తెరవండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీకు తెలియని మాట వినిపిస్తే, "సరే సరే" అనేసి దాటేయకుండా అర్థం అడిగి రాసుకోండి. గళ్ళు లెక్కపెట్టే స్క్రిప్ట్ నా దగ్గర ఉంది, అడిగితే ఇస్తాను.

రెండో కంటి ఆపరేషన్ వచ్చే నెల. ఆ తర్వాత ఆధారాలు తనే చదువుకుంటుంది. "అప్పుడు నీకు ఫోన్ ఖర్చు తప్పుద్దిలే" అంది. అపరిమిత కాల్స్ ప్లాన్ గురించి నేను చెప్పలేదు, "ఇంకా చాలా మాటలున్నాయి అమ్మమ్మా" అన్నాను.