ఇంట్లనే ఉంటది గదా

2024 జులై 2, మంగళవారం

ఆంధ్రలో నిన్న ఇంటింటికీ పంచిన పింఛన్లను రాత్రి టీవీలో చూపించారు. వృద్ధులకు 4,000. దివ్యాంగులకు 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. అప్పుడు మంచంలో ఉన్న మామకు చెంచాతో జావ తాగిస్తున్నాను. అత్త టీవీ వంక చూసి, నా వంక చూసి, మళ్లీ టీవీ వంక చూసింది.

మన తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. నిరుడు 3,016 నుంచి పెంచారు. 15,000 అన్న మాట వినగానే నాకు నిజంగా సంతోషమేసింది. డైపర్లు, మూత్రం సంచి, గాలిపరుపు, మందులు... పడకేసిన మనిషికి ఎంత అవుతుందో ఎవరో కూర్చుని లెక్క కట్టారన్నమాట. అయితే ఆ డబ్బు కూడా మంచం మీది మనిషి పేరునే వస్తుంది. పక్కకు తిప్పే మనిషి ఒకరుంటారని ఆ లెక్కలో ఎక్కడా లేదు.

జులై 5, శుక్రవారం

నా నడుము నొప్పి చూడలేక మా ఆయన మంచిర్యాలలో ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాడు. పగటిపూటకు మాత్రమే ఒక మనిషిని పంపిస్తే నెలకు 18,000, ఆదివారం సెలవు అన్నారట.

"అంత యాడికెళ్లి తెస్తం? నువ్వెట్లనూ ఇంట్లనే ఉంటివి గదా" అన్నాడు.

మనిషి మంచివాడు. బాయిలో ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి స్నానం చేయగానే తండ్రి దగ్గర కూర్చుంటాడు, గడ్డం గీస్తాడు, గోళ్లు తీస్తాడు. ఆ మాటను నన్ను తక్కువ చేయాలని అనలేదు. అందరూ అనేదే అన్నాడు. నేను ఇంట్లో ఉన్నది ఎందుకో అతనికి తెలుసు. మందమర్రిలో బడిపంతులమ్మగా చేసేదాన్ని. మామ పడిపోయాక మానేశాను. జీతం తక్కువే, కానీ నెల మొదట్లో నా చేతికి వచ్చేది.

జులై 9, మంగళవారం

మధ్యాహ్నం మామ నిద్రపోయాడు, వాన పడుతోంది. ఇవాళ తీరికగా రాస్తాను.

మన సింగరేణి బొగ్గుబాయిల పట్టీలో ఇంటి మనిషిని చూసుకున్నందుకు జీతం లేదనడం తప్పు. ఉంది. మామ టింబర్‌మెన్. పక్షవాతం వచ్చి కుడిపక్క పూర్తిగా పడిపోయింది. కొత్తగూడెం మెడికల్ బోర్డు పనికి అన్‌ఫిట్ చేసింది. ఆ ఉద్యోగం కొడుక్కొచ్చింది. బదిలీ వర్కర్‌గా చేరాడు, ఇప్పుడు ఇక్కడి బాయిలోనే. 2017లో వారసత్వ ఉద్యోగాల నోటిఫికేషన్‌ను హైకోర్టు కొట్టేసినప్పుడు ప్రతి ఇంట్లో చావు కబురు విన్నట్టే అయింది. తర్వాత కారుణ్య నియామకాలని దారి దొరికింది. ఆ దారి లేకుంటే మేం ఈపాటికి ఈ ఊళ్లో ఉండేవాళ్లం కాదు. సంపాదించే మనిషి పడిపోతే ఇల్లు పడిపోకూడదనే ఆలోచన గొప్పది. దాని మీద నాకు ఒక్క మాట లేదు.

కానీ ఆ ఉద్యోగం ఇంటికొచ్చిన రోజున దానితోపాటు ఇంకో పని కూడా వచ్చింది. అన్‌ఫిట్ అయిన మనిషిని కడిగే పని, తినిపించే పని, రాత్రి లేచే పని. మస్టర్, అంటే హాజరు, కొడుకు పేరున పడింది. ఈ పని ఎవరి పేరునా పడలేదు, కోడలి చేతికి వచ్చింది. ఈ వాడలో తలుపు తట్టి చూస్తే ఇలాంటి ఇళ్లెన్నో. కొడుకు పట్టించుకోకపోతే 2007 నాటి పోషణ చట్టం కింద తల్లిదండ్రులు ఆర్డీఓ దగ్గరికి పోవచ్చు, నెలకు 10,000 దాకా ఇప్పించుకోవచ్చు. చూడనివాళ్లను నిలదీసే చట్టం ఉండటం న్యాయం. చూసేవాళ్ల సంగతి కూడా ఎవరో ఒకరు అడగాలి గదా.

జులై 14, ఆదివారం

చిన్నమ్మ బిడ్డ ఇంగ్లండు నుంచి ఫోన్ చేసింది. కేర్ వర్కర్ వీసా మీద పోయింది. నేను మామకు చేసేదే అక్కడ ఎవరో ముసలమ్మలకు చేస్తుంది, గంటకింత అని జీతం. సొంతవాళ్లను చూసుకునేవాళ్లకు కూడా అక్కడి సర్కారు ఇస్తుందట. వారానికి 35 గంటలు చూడాలి, ఇప్పుడు వారానికి 81.90 పౌండ్లు.

"మొదట్ల పెండ్లయినోళ్లకు ఇయ్యకపోయేటోళ్లు అక్కా" అంది. 1976లో ఆ భత్యం పెట్టినప్పుడు, పెళ్లయిన ఆడవాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారని వాళ్లను పక్కన పెట్టారు. జాకీ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసింది, భత్యం అడిగితే లేదన్నారు. కోర్టుకు పోయింది. 1986లో యూరప్ కోర్టు ఆమె పక్షాన చెప్పింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆవిడ గురించే ఆలోచించాను. మా ఆయన అన్న మాటనే అక్కడ చట్టంలో రాసుకున్నారు. ఒక్క ఆడమనిషి దాన్ని కొట్టేయించింది.

జులై 18, గురువారం

అత్తతో అన్నాను, నెలనెలా ఆయన జీతంలోంచి కొంత నా ఖాతాలో వేయమంటానని. కోప్పడుతుందనుకున్నా. బియ్యంలో రాళ్లు ఏరుతూనే, "మా అత్తను నేను చూసిన. సచ్చేదాక చూసిన. ఒక్క కొత్త చీర కొనుక్కుందామంటే మీ మామను అడగాల్సొచ్చేది. అడుగు బిడ్డా" అంది.

రాత్రి అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంత?" అన్నాడు. ఏజెన్సీవాళ్లు చెప్పిన దాంట్లో మూడో వంతు, 6,000 అన్నాను. వచ్చే జీతం నుంచి వేస్తానన్నాడు. అది దయగా కాదు, నాకు రావాల్సిందిగా ఇవ్వాలని కూడా చెప్పాను. తలూపాడు.

జులై 20, శనివారం

ఇంట్లో తేలింది గానీ ఎదురింటి అక్కకు ఎవరిస్తారు? ఆమె కొడుకు పుట్టినప్పటినుంచి కూర్చోలేడు. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ ఉంది, 4,016 వస్తుంది, డైపర్లకు, ఫిజియోథెరపీకి అయిపోతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 లో సెక్షన్ 24 ఉంది. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని అందులో రాశారు. 'ఆర్థిక స్తోమత మేరకు' అనే మాట కూడా ముందే పెట్టారు. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద చూసుకునే మనిషికి నెలకు 600 పెట్టారు. తక్కువే, నాకు చాలదు, అక్కకూ చాలదు. కానీ జాబితాలో చూసుకునే మనిషి పేరు ఉంటుంది.

ఇద్దరం కలిసి ఆ భత్యం కోసం అర్జీ రాశాం. సోమవారం మంచిర్యాల కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణి. సోమగూడెం దాకా ఆటోలో పోయి బస్సెక్కాలి. పిల్లగాణ్ని వాళ్ల అమ్మమ్మ చూసుకుంటుంది. మామను మా ఆయన చూసుకుంటాడు, మస్టర్ పోతుందని తెలిసే సరేనన్నాడు. అతనికి కాగితం మీద రాసిపెట్టాను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. జావ తల ఎత్తిపట్టి తాగించాలి. మూత్రం సంచి నిండకముందే ఖాళీ చేయాలి. మడమల కింద దిండు మరిచిపోవద్దు.