లూణీ వెంట పగలూ రాత్రీ

అజ్మేర్ సమీపాన ఆరావళి శ్రేణిలోని నాగ పర్వతం వాలుల్లో సాగరమతిగా పుట్టి, గోవింద్‌గఢ్ వద్ద సరస్వతి అనే వాగును కలుపుకొన్నాక లూణీ అన్న పేరు పొందే నది, నైరుతి దిశగా సుమారు 495 కిలోమీటర్లు సాగి కచ్ రణ్‌లోని ఉప్పు నేలల్లో ఇంకిపోతుంది. థార్ ఎడారి ఆగ్నేయపు అంచున ఉన్న ఈ నదిలో వర్షాకాలం దాటితే నీరు దాదాపు కనిపించదు. ఎడారిలో పగటి వేడికీ రాత్రి చలికీ నడుమ అంత వ్యత్యాసం ఎందుకు ఉంటుందో ఈ నీటి రాకపోకలే తేటతెల్లం చేస్తాయి.

ఎగువన, వాన పడి నేల తడిసి పైరు నిలిచి ఉన్న రోజుల్లో, సూర్యతాపంలో పెద్ద భాగం నేలను కాల్చడానికి కాక నీటిని ఆవిరి చేయడానికే వ్యయమవుతుంది. ఉష్ణోగ్రతను పెంచకుండానే నీటిని ఆవిరిగా మార్చే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. ఒక కిలో నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు చేర్చడానికి పట్టే వేడికి ఇది ఐదు రెట్లకు మించి ఉంటుంది.

బిలాడా దాటి జోధ్‌పుర్ దక్షిణపు మైదానాల్లోకి దిగేసరికి ఆ ఖర్చుకు తావుండదు. ఇసుక త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుందన్న పాఠ్యపుస్తకాల మాట తప్పు కాదు గాని, అది సగం వివరణే. కిలో పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, అంటే విశిష్టోష్ణం, ఇసుకకూ గ్రానైటు బండకూ ఇంచుమించు ఒకటే; ఆ రెండింటినీ వేరు చేసేది ఉష్ణవాహకత, అంటే వేడిని తనగుండా ప్రసరింపనిచ్చే గుణం. పొడి ఇసుక రేణువుల సందుల్లో చిక్కుకున్న గాలి వేడిని లోపలికి పోనివ్వదు కనుక ఎండంతా పైపొరలోనే నిలిచి, నడి వేసవిలో ఆ పొర 60 డిగ్రీలు దాటినా, అర మీటరు లోతున పగలూ రాత్రీ తేడా దాదాపు తెలియదు. సాండా అనే ఎడారి బల్లి బొరియలో తలదాచుకొని బతకగలుగుతున్నది అందుకే. పొద్దు వాలగానే, నిల్వ తక్కువైన ఆ పలుచని పొర పరారుణ కిరణాల రూపంలో, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలుగా, తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. గాలిలో నీటి ఆవిరి దండిగా ఉంటే ఆ కిరణాలను పీల్చుకొని కొంత భాగాన్ని తిరిగి నేలకు పంపుతుంది. మచిలీపట్నంలో మే నెల రాత్రులు ఉక్కపోతతో గడవడానికి ఇది ఒక ముఖ్య కారణం. జోధ్‌పుర్ చుట్టూ ఉన్న మార్వాడ్ ప్రాంతంలో ఆ ఆవిరీ తక్కువే, మేఘాలూ అరుదే.

ఈ వ్యత్యాసం వేసవిలోనే అత్యధికమని భావించడం పొరపాటు. జోధ్‌పుర్‌లో నవంబరు సగటు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల మధ్య దాదాపు 16 డిగ్రీల ఎడం ఉండగా, రుతుపవనాలు నిలిచి ఉండే ఆగస్టులో అది 8 డిగ్రీలకు కుదించుకుపోతుంది. ఇసుక మారలేదు, ఊరూ మారలేదు. మారినది గాలిలోని, నేలలోని తేమ మాత్రమే.

బాలోత్రా వరకు తియ్యగా ఉండే లూణీ నీరు అక్కడి నుంచి ఉప్పదేరుతుంది. ఇంకా దిగువన, 2008లో నర్మదా కాలువ చేరిన సాంచోర్ ప్రాంతంలో జీలకర్ర పండుతుంది; ఈ పైరుకు మంచు గడ్డకట్టే రాత్రులు ప్రాణాంతకం. చలి ముదిరే సూచన కనిపించిన సాయంత్రం పొలానికి తేలికపాటి తడి ఇవ్వడం ఇలాంటి పైర్లకు తగిన రక్షణ, ఎందుకంటే తడిసిన మన్ను లోపలి పొరల్లో దాచిన వేడిని పైకి అందిస్తూ ఉంటుంది. ఎడారి రాత్రి స్వభావాన్ని ఇంతగా ఎరిగిన వ్యవసాయం ఎంతైనా గౌరవనీయం.

చివరికి రణ్‌లో తెల్లని ఉప్పు పొర ఎండలో కొంత భాగాన్ని నేలలోకి పోనివ్వకుండానే వెనక్కి తిప్పికొడుతుంది, దాని కిందనున్న ఉప్పునీటి బురద పొడి ఇసుకకన్నా లోతుగా వేడిని ఇముడ్చుకొని నెమ్మదిగా వదులుతుంది.