మంచాన పడ్డవారికి మనిషి: అనంత మెట్టలో ఇంటి దగ్గర సేవ

ఇంట్లో రోగిని చూసుకోవడంలో రెండు రకాల పనులు కలిసి ఉంటాయి. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, తినిపించడం, పక్కకు తిప్పడం, దొడ్డికి కూర్చోబెట్టడం ఒక రకం. ఇంజెక్షన్ వేయడం, ముక్కు గొట్టంలో ఆహారం పోయడం, మూత్రం గొట్టం మార్చడం, పుండుకు కట్టు కట్టడం, బీపీ, సుగర్ చూసి డాక్టరుకు చెప్పడం ఇంకో రకం. మొదటిదానికి ఓపిక, ఒంట్లో సత్తువ, శుభ్రత ఉండి కొంత తర్ఫీదు పొందిన మనిషి చాలు. రెండోదానికి నర్సు కావాలి. మనిషిని వెతికే కుటుంబాలు ముందుగా తడబడేది ఇక్కడే. పక్షవాతంతో పడిపోయిన పెద్దాయనకు రోజంతా కావలసింది మొదటి రకం సేవ, ఇంటివాళ్ళు అడిగేది మాత్రం నర్సును. గొట్టాలతో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తల్లికి నర్సు అవసరం, ఖర్చు తగ్గుతుందని పెట్టుకునేది ఆయాను. డిశ్చార్జి రోజున వార్డు నర్సు దగ్గర కూర్చుని, ఇంట్లో చేయాల్సిన ప్రతి పనీ, దానికి ఎదురుగా అది ఎవరు చేయాలో రాయించుకుంటే సగం చిక్కు అక్కడే తీరుతుంది.

అనంతపురం మెట్టలో మిగతా సగం చిక్కు వేరే చోట ఉంది. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేనిది. వేరుశనగ చేతికి రాని ఏడు బెంగళూరు బస్సెక్కడం తరాలుగా ఉన్న అలవాటే. వయసులో ఉన్నవాళ్ళు భవనాల పనికో ఇళ్ళ పనికో పోతే ఊళ్ళో ముసలీముతకా మిగులుతారు. రోగికి తోడు కావలసిన ఇంట్లోనే తోడుండే మనుషులు లేరన్నమాట. డబ్బు పంపే కొడుకు 200 కిలోమీటర్ల అవతల ఉంటాడు, మనిషిని ఫోన్లోనే కుదురుస్తాడు. వచ్చిన మనిషి ఎలా చేస్తున్నాడో చూడాల్సింది మోకాళ్ళ నొప్పులతో ఉన్న ముసలి భార్య.

కల్యాణదుర్గం దాటి రాయదుర్గం వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో అలాంటి ఇల్లే చూశాం. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఎడమ చెయ్యి, కాలు పడిపోయిన రైతు లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. భార్య, పక్కింటి అమ్మాయి ఆయన్ను పక్కకు తిప్పుతుంటే ఊరి ఆరోగ్య కార్యకర్త గుమ్మంలో నిలబడి చెబుతోంది: "తోయొద్దు మా, దుప్పటితో లాగు." భుజాల దగ్గర నుంచి తొడల దాకా నాలుగు మడతలేసిన దుప్పటి ఒకటి ఆయన కింద ఎప్పుడూ ఉంటుంది. చెరో పక్క దాన్ని పట్టుకుని ఒకేసారి లాగితే చర్మం పరుపుకు రాసుకోదు. తిప్పాక మోకాళ్ళ మధ్య దిండు పెట్టారు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద చుట్టిన పాత చీర పెట్టారు. తర్వాత కార్యకర్త వచ్చి నడుము కింద ఎముక మీద వేలితో నొక్కి చూసింది. నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడే చర్మంతో భయం లేదు. నొక్కినా తెల్లబడని ఎరుపు పడక పుండుకు మొదలు. ఆమె చూసిన చోట మానుతున్న పుండు గుర్తు ఒకటి ఉంది. గోడకున్న ఎరువుల కొట్టు క్యాలెండరు మీద, ఆ రోజు తేదీ గడిలో పెన్సిలు గీతలు. తిప్పిన ప్రతిసారికీ ఒక గీత.

పుండు ఎప్పుడు పడిందని అడిగితే ఆ ఇల్లాలు చెప్పింది: "పట్నం నుంచి వచ్చిన పిల్లోడు బాగనే సూస్తాండె. పండక్కి పోయినోడు మళ్లీ రాల్యా. నాలుగు దినాలకే ఈడ పుండు పడె." ఆ నాలుగు రోజుల మాట ఈ ప్రాంతంలో ఎంపికకు అసలు గీటురాయి. మంచాన ఉన్నవాళ్ళను రెండు గంటలకోసారి తిప్పాలన్నది ఆస్పత్రుల్లో మామూలుగా పాటించే లెక్క, దానికి పండగ సెలవు లేదు. అందుకే వచ్చే మనిషి ఎంత మంచివాడన్నదాని కంటే, రాని రోజున ఎవరొస్తారన్నది ముందు తేల్చుకోవాలి. పక్కింటి అమ్మాయికి దుప్పటి పట్టుకోవడం నేర్పింది ఆ నాలుగు రోజుల తర్వాతే. నేర్పేపని మొదటి రోజునే జరగాల్సింది.

ఇంటిదాకా వచ్చే ప్రభుత్వ సేవ ఇక్కడ లేకపోలేదు. ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంటుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఏఎన్‌ఎం ఉంది. పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు 104 వాహనంతో ఊరికి వచ్చి, మంచాన ఉన్నవాళ్ళను ఇంటికే వెళ్ళి చూడాలన్న ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి 2023లో రాష్ట్రమంతటా మొదలైంది. బీపీ, సుగర్ చూడటం, మందులివ్వడం, పుండు ఎలా ఉందో చూసి పెద్దాస్పత్రికి రాయడం వీళ్ళతో అయ్యే పనులు. పూటపూటా ఒళ్ళు తుడవడం, రాత్రి కాపలా వీళ్ళతో కావు. ఆశా కార్యకర్త మీద ఆ బరువు పెట్టడం అన్యాయం కూడా. మనిషిని ఎవర్ని కుదుర్చుకున్నా, రోగి పేరు ఏఎన్‌ఎం దగ్గర మంచాన ఉన్నవాళ్ళలో రాయించడం మాత్రం మానకూడదు. డబ్బు తీసుకుని వచ్చే మనిషి పనిని, డబ్బుతో సంబంధం లేని ఇంకో కన్ను చూస్తూ ఉండటానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఈ ప్రాంతంలో ఇంకో పునాది కూడా ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ దంపతులు అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అందరి నోళ్ళలో ఆర్డీటీ, పల్లెల ఆడవాళ్ళకే తర్ఫీదిచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టింది. బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లులో ఆస్పత్రులు నడిపింది, వికలాంగులతో ఊరూరా పనిచేసింది. దీనివల్ల, గాయాన్ని కడగడం, బిగుసుకున్న కాలును వంచి చాపడం తెలిసిన ఆడవాళ్ళు చాలా ఊళ్ళలో దొరుకుతారు. ఇంటికి మనుషుల్ని పంపే ఏజెన్సీకి ఫోన్ చేసేముందు అలాంటి మనిషి ఊళ్ళో ఉందేమో వాకబు చేయడం మంచిది. ఊరి మనిషికి బస్సు తప్పిపోదు. 2000లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక అనంతపురం పెద్దాస్పత్రి చుట్టూ నర్సింగ్ చదివినవాళ్ళూ పెరిగారు, కానీ వాళ్ళు పట్నం దాటి పల్లెకు రావడం అరుదు.

అనంతపురంలో ఆస్పత్రుల వీధుల వెనక, మేడ మీద ఒకే గదిలో నడిచే ఒక ఏజెన్సీకి వెళ్ళాం. బల్ల మీద పెద్ద రిజిస్టరు, అందులో ఆధార్ జిరాక్సులు అతికించిన పేజీలు, గోడ వారగా బెంచీ మీద పిలుపు కోసం కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు. నిర్వాహకుడు అందర్నీ "సిస్టర్" అనే పరిచయం చేశాడు. విడివిడిగా అడిగితే ఒకరు జీఎన్‌ఎం చదివారు, ఒకరు ఆస్పత్రిలో ఆయాగా చేశారు, మిగతా ఇద్దరికీ తర్ఫీదు లేదు. ఏఎన్‌ఎం రెండేళ్ళ చదువు, జీఎన్‌ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఈ చదువులు చదివినవాళ్ళకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. నర్సు రేటు అడుగుతున్నప్పుడు ఆ కాగితం చూపమనడంలో మొహమాటం అక్కర్లేదు. ప్రైవేటు ఆస్పత్రులకు, క్లినిక్‌లకు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఇంటికి మనిషిని పంపే గది మీద 'హోమ్ హెల్త్ కేర్' అన్న బోర్డు చూసి, వెనక అలాంటి తనిఖీ ఉందనుకోకూడదు.

నెలకు కుటుంబం కట్టేదాంట్లో పనిచేసే మనిషికి ఎంత ముడుతుందన్న ప్రశ్నకు నిర్వాహకుడు సూటిగా జవాబు చెప్పలేదు. బెంచీ మీదావిడే అంది: "మీరిచ్చేది ఒకటి, మా చేతికొచ్చేది ఒకటి సార్." ఇది జాలి ప్రశ్న అనిపించవచ్చు, నిజానికి ఎంపికకు ఇది చాలా ముఖ్యం. తక్కువ ముట్టే మనిషి ఐదారు వందలు ఎక్కువిచ్చే ఇల్లు దొరగ్గానే వెళ్ళిపోతుంది. ఆ ఇంట్లో మళ్ళీ కొత్త ముఖం, మళ్ళీ మొదటి నుంచి నేర్పడం. ఎన్నేళ్ళుగా నడుపుతున్నారని ఏజెన్సీని అడిగి లాభం లేదు. ఇప్పుడు పంపబోయే మనిషి పాత ఇంట్లో ఎన్ని నెలలుంది, ఎందుకు మానింది, ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఇస్తారా అని అడగాలి.

మేం కూర్చున్న కాసేపట్లో వచ్చిన రెండు ఫోన్లలోనూ అడిగిన మొదటి మాట మనిషి కులం. పుండు కడగడం వచ్చా అన్నది ఆ తర్వాతి సంగతి. ఈ షరతు పెట్టే ఇల్లు, ఉన్న కొద్దిపాటి పనిమంతుల్లో చాలామందిని తలుపు బయటే వదిలేస్తుంది. గ్లాసు వేరు, కంచం వేరు పెట్టిన ఇంట్లో ఏ మనిషీ మనసుపెట్టి ఒళ్ళు తుడవదు. మగ రోగికి మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు అన్న షరతు వేరు, అది రోగి సిగ్గుకు, మర్యాదకు సంబంధించింది. దానికి రోగినే అడగాలి. మాట పడిపోయినవాళ్ళు కూడా తల ఊపి చెప్పగలరు.

బెంగళూరు ఏజెన్సీలు హిందూపురం, మడకశిర వైపు మనుషుల్ని పంపుతాయి. మడకశిరలో, రాయదుర్గంలో కన్నడం పరాయి భాష కాదు కనుక మాటకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దూరమే. మనిషి అర్ధరాత్రి జ్వరంతో పడుకుంటే మరునాడు పొద్దునకు ఇంకో మనిషి రావడం బెంగళూరు నుంచి కుదిరే పని కాదు. ఎన్ని గంటల్లో ఇంకొకర్ని పంపుతారు, పంపకపోతే ఆ రోజుల డబ్బు తగ్గిస్తారా అన్నవి ఒప్పందం కాగితం మీద ఉండాలి. పన్నెండు గంటల పనా, ఇరవై నాలుగు గంటలా అన్నదీ అందులోనే రాసుకోవాలి. ఇరవై నాలుగు గంటల మనిషికీ నిద్ర కావాలి, ఆ వేళ రోగిని తిప్పేదెవరో ఇంటివాళ్ళే చెప్పాలి. వారపు సెలవు, పడుకునే చోటు, భోజనం, ఇంటిల్లిపాదికీ వంట చేయాల్సిన పని లేదన్న మాట కూడా రాస్తే తర్వాత తగువులుండవు. దూరాన ఉన్న పిల్లలు కెమెరా పెట్టదలిస్తే వచ్చే మనిషికి ముందే చెప్పి పెట్టాలి. స్నానం చేయించే చోటికి దాన్ని తిప్పకూడదు.

సర్టిఫికెట్ల కంటే ఎక్కువ చెప్పేది పని. ఒక పూట ఎదురుగా చేయించి చూడాలి. రోగిని ముట్టుకునేముందు చెప్పకుండానే చేతులు కడుక్కుంటారా? ముక్కు గొట్టంలో పోసేముందు తలవైపు ఎత్తు చేస్తారా, గొట్టం మీద వేసిన గుర్తు ముక్కు దగ్గరే ఉందో లేదో చూస్తారా? పోశాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టి ఉంచుతారా? మూత్రం సంచి నడుము కంటే దిగువన, నేలకు తగలకుండా వేలాడదీస్తారా? రోగితో మాట్లాడుతూ చేస్తారా, ఫోన్ చూస్తూ చేస్తారా? ఈ పూటలో తేలనిది ఇంటర్వ్యూలో తేలదు.

కొన్ని సంగతులు ఈ నేలవి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో పెద్దవాళ్ళ వెన్ను, కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటివారిని మామూలు పక్షవాతం రోగిలా వంచబోతే నొప్పితో అరుస్తారు, ఎముక విరిగే ప్రమాదమూ ఉంది. ఎంతవరకు వంచాలో ఫిజియోథెరపిస్టు చేత చూపించాకే కొత్త మనిషికి అప్పగించాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద పడుకున్నవాళ్ళు దాహమని అడగలేరు, కాబట్టి తాగించిన నీళ్ళ లెక్క, మూత్రం రంగు రాసిపెట్టే మనిషి కావాలి. ఆక్సిజన్ మిషన్ కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే పెట్టే సిలిండరు ఇంట్లో ఉందా, దాన్ని తిప్పడం వచ్చా అన్నది పల్లెలో మొదటి రోజే చూసుకోవాలి.

డబ్బు విషయానికొస్తే, ఎన్టీఆర్ వైద్య సేవ ఆస్పత్రి చికిత్సకు ఉపయోగపడుతుంది, నెలల తరబడి ఇంట్లో ఉండే మనిషి జీతానికి కాదు. దానికి అక్కరకొచ్చేది పింఛను. డయాలసిస్ మీదున్న కిడ్నీ రోగులకు నెలకు 10,000, 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వం ఇస్తోంది. వైకల్య పింఛనుకు, డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కావాలి కనుక, ఆ పరీక్షకు రోగిని ఎలా తీసుకుపోవాలన్నది ముందే సచివాలయంలో మాట్లాడుకోవాలి. మేం వెళ్ళిన ఏజెన్సీలో ఇరవై నాలుగు గంటల మనిషికి చెప్పిన రేటు ఆ 15,000 కంటే ఎక్కువే. ఊరి మనిషిని పగటికి పెట్టుకుని, వారానికోసారి నర్సును రప్పించుకునే ఇళ్ళకు ఆ డబ్బు చాలావరకు సరిపోతోంది. ఆ నర్సును కూడా ప్రభుత్వం తరఫున పంపే చోటు ఉంది: కేరళలో 2008 పాలియేటివ్ విధానం తర్వాత పంచాయతీలే నర్సును ఇంటింటికీ పంపుతున్నాయి. మన సచివాలయంలో ఏఎన్‌ఎం ఉన్నా, టీకాలు, గర్భిణుల పని, సర్వేల మధ్య తరచూ మంచం దాకా వచ్చే తీరిక ఆమెకు దొరకడం కష్టం. రోగిని చూసుకునే విషయంలో పెద్దవాళ్ళ ఆస్తి, నిరాదరణ తగువులు కూడా కలిసినప్పుడు 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

కుదిరిన మనిషిని మొదట ఒక వారానికే అనుకోవాలి. ఆ వారంలో రోజూ ఒకసారి నడుము కింద, మడమల దగ్గర, చెవుల వెనక చర్మం ఇంటివాళ్ళే చూడాలి. రోగి ఒక్కసారిగా మగతగా మారినా, పోసిన ఆహారంతో దగ్గి ఊపిరి ఆడకపోయినా, ఉన్నట్టుండి మూతి వంకర పోయినా ఏజెన్సీకి ఫోన్ చేస్తూ కూర్చోకుండా 108కి చేయమని చెప్పి, ఆ అంకె మంచం దగ్గర గోడ మీద రాయాలి. మనిషిని మార్చాల్సి వస్తే పాత మనిషిని ఆ పూటే పంపేయకుండా, కొత్త మనిషితో ఒక పగలు, ఒక రాత్రి కలిసి ఉండేలా డబ్బిచ్చి ఉంచుకోవాలి. మందుల వేళలు, తిప్పిన గీతలు, గొట్టం మార్చిన తేదీలు ఉన్న పుస్తకం ఏజెన్సీకి పోకుండా రోగి ఇంట్లోనే ఉండాలి.