మన మిద్దె మీద ధ్రువుడికి కాస్త చోటు

మన భవనం మిద్దె మీద రేకుల షెడ్డు వేసే విషయం వచ్చే సమావేశంలో చర్చకు వస్తోంది. వానకు కుర్చీలు తడుస్తున్నాయి, షెడ్డు కావాల్సిందే. ఉత్తరం వైపు మాత్రం వేయవద్దని నా మనవి. కారణం వాస్తు కాదు, ధ్రువ నక్షత్రం.

అమావాస్య దగ్గరి శనివారాల్లో మన పిల్లలు మిద్దె మీద టెలిస్కోపు చుట్టూ చేరడం మీరు చూసే ఉంటారు. ఫోటో రావాలంటే చుక్క ఒక్కచోట నిలవాలి. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతూ ఉంటుంది. కదలని టెలిస్కోపుతో నిమిషంపాటు ఫోటో తీస్తే చుక్కలు గీతలైపోతాయి. అందుకే ఈక్వటోరియల్ మౌంట్ అనే స్టాండు వాడతాం. అందులోని మోటారు ఒక ఇరుసును భూమి వేగంతోనే ఎదురు తిప్పుతుంది. ఆ ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. అలా నిలబెట్టడమే పోలార్ అలైన్‌మెంట్.

దానికి గుర్తు ధ్రువుడు. ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువుడు అక్కడ దాదాపు అంత ఎత్తున కనిపిస్తాడు. బరంపురంలోని మనవాళ్లకు 19 డిగ్రీలు, యానాం వాళ్లకు 17కు కాస్త తక్కువ. మన హోసూరులో 13 కూడా లేదు. చెయ్యి చాచి పిడికిలి పడితే, దాని మీద రెండు వేళ్లు, అంతే ఎత్తు. ఒక్క కొబ్బరిచెట్టు అడ్డొచ్చినా కనబడడు. పైగా ఆయన సరిగ్గా ధ్రువం మీదే లేడు. నిండు చందమామ వెడల్పుకన్నా కాస్త ఎక్కువ దూరంలో చుట్టూ తిరుగుతుంటాడు. పోలార్ స్కోపులోని వలయం మీద ఆ తేడా సరిచూసుకుంటాం. ఎత్తుకు ఒక మర, పక్కకు ఒక మర. పిల్లలకు ఇది పది నిమిషాల ఆట.

ధ్రువుడు కనబడకపోయినా దారి ఉంది. నడినెత్తి దగ్గరికి వచ్చిన ఒరాయన్ నడుము చుక్కల్లో ఒకదాన్ని చూస్తూ కూర్చోవాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు తప్పినట్టు, ఉత్తరానికి జారితే పడమటికి తప్పినట్టు. తర్వాత తూర్పున కిందుగా ఉన్న ఇంకో చుక్క చూడాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు మరీ కిందికి, ఉత్తరానికి జారితే మరీ పైకి ఉన్నట్టు. నాకు దీనికి ముప్పావు గంట పడుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల అంతసేపు కూర్చోదు, కిందికి దిగిపోతుంది. మళ్లీ ఎక్కుతుందన్న నమ్మకం లేదు.

మన పక్క తిరుపత్తూరు జిల్లాలో, జవ్వాది కొండల మీద కావలూరు అబ్జర్వేటరీ ఉంది. దాన్ని నెలకొల్పిన వైను బప్పు చదువుకున్నది హైదరాబాదులో. వాళ్ల నాన్న అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. ఆ నాన్న వెనకాలే పిల్లవాడికి ఆకాశం పట్టుబడింది. కావలూరులో ఆయన పేరు పెట్టుకున్న 2.34 మీటర్ల టెలిస్కోపు ఇరుసు కూడా, మన చిన్న స్టాండులాగే, ఆ ధ్రువం వైపే వాలి ఉంటుంది.

మన పెళ్లిళ్లలో ధ్రువుణ్ణి, అరుంధతిని చూపించే తంతు ఉంది. పట్టపగలు పదింటి ముహూర్తంలో పురోహితుడు చెయ్యి చూపిన వైపు తలూపి వచ్చేస్తాం. మన మిద్దె మీద పదిమంది పిల్లలు ఆయన్ని నిజంగా వెతికి పట్టుకుంటున్నారు, తెలుగు పేరుతోనే పిలుస్తున్నారు.

కాబట్టి షెడ్డును దక్షిణాన నీళ్ల ట్యాంకు పక్కకు జరపండి. పైపు కాస్త పొడవు పెరిగితే ఆ ఖర్చు నేను ఇస్తాను. అభ్యంతరం ఉన్నవాళ్లు ముందు ఒక శనివారం రాత్రి ఎనిమిదింటికి మిద్దె ఎక్కి రండి. మరలు ఎలా తిప్పాలో పిల్లలే చూపిస్తారు.