అదిగో... అరుంధతి!

పుస్తె కట్టుడు అయిపోయింది. తలంబ్రాలూ పోసుకున్నారు. కొంగుముడితో ఉన్న జంటను అయ్యగారు పందిరి బయటికి తీసుకొచ్చి ఉత్తరం దిక్కుకు చెయ్యి చూపిస్తారు. ‘‘అగో... అరుంధతీ నక్షత్రం. కనవడ్డదా?’’

మిట్టమధ్యాహ్నం. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. పెళ్లికొడుకు కళ్లు చికిలించుకుని చూస్తాడు. పెళ్లికూతురు ముసిముసిగా నవ్వుకుంటుంది. ‘‘కనవడ్డదని చెప్పు బిడ్డా, బంతికి ఆలస్యమైతుంది’’ అంటాడు వెనకనుంచి మేనమామ. ఇద్దరూ తలూపుతారు. ఫొటోగ్రాఫరు క్లిక్‌మనిపిస్తాడు. అంతే, అరుంధతీ దర్శనం పూర్తయిపోయింది!

జహీరాబాద్ దగ్గరి రాయికోడ్‌లోనే కాదు, తెలుగునాట పగటి ముహూర్తం పెట్టుకున్న ఏ పెళ్లిలోనైనా ఇదే వరస. నిజానికి వైశాఖమాసపు మధ్యాహ్నం 12 గంటలకు ఆ చుక్క మన ఆకాశంలోనే ఉండదు. అది ఉదయించేది 2-3 గంటల మధ్య. అంటే పెళ్లికొడుకు ఎంత కళ్లు చించుకుని చూసినా లాభం లేదన్నమాట. అరుంధతి పేరు వినని తెలుగిల్లు లేదు. మరి ఆ చుక్కను నిజంగా చూసినవాళ్లు ఎందరు?

చీకటి మిగిలిన చోటు

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే జహీరాబాద్. అక్కడినుంచి లోపలికి మళ్లితే రాయికోడ్. పత్తి, కంది, జొన్న పండే నేల. ఇటు తెలుగు, అటు కన్నడం, మధ్యలో ఉర్దూ వినిపించే సరిహద్దు సీమ. ఊరు దాటి చేల గట్ల మీదికి వెళ్తే వీధి దీపాలు వెనకబడతాయి. పట్నం వెలుగులు దక్షిణాన ఉండిపోతాయి. ఉత్తరాన మంజీర వైపు ఆకాశం నల్లగా పరుచుకుని ఉంటుంది. అరుంధతి ఉండేది కూడా ఆ దిక్కునే.

మే నెలాఖరులో రాత్రి 9 గంటలప్పుడు ఉత్తరానికి తిరిగి నిలబడండి. చెయ్యి ముందుకు చాచి, నేల అంచు నుంచి జానెడు కొలిస్తే ఇంచుమించు ధ్రువ నక్షత్రం తగులుతుంది. ఇంకా పైకి చూస్తే బోర్లించిన గరిటెలా ఏడు చుక్కలు కనిపిస్తాయి. అదే సప్తర్షి మండలం. నాలుగు చుక్కలు నులకమంచం కోళ్లనీ, తోకలోని మూడూ ఆ మంచాన్ని ఎత్తుకెళ్తున్న దొంగలనీ పల్లెల్లో కథ చెబుతారు. ఆ ముగ్గురు దొంగల్లో నడిమివాడే వశిష్ఠుడు. ఆయన్ని కాసేపు తదేకంగా చూస్తే, పక్కనే మిణుకుమిణుకుమంటూ మరో చిన్న చుక్క బయటపడుతుంది. ఆమే అరుంధతి!

రెండింటి మధ్య దూరం చందమామ వెడల్పులో సగం కూడా ఉండదు. అరుంధతి వెలుగు వశిష్ఠుడి వెలుగులో దాదాపు ఆరో వంతు. అందుకే పట్నం దీపాల మధ్య ఆయన కనిపించినా ఆమె కనిపించడం కష్టం.

చూపించడంలోనూ ఓ పద్ధతి

చిన్న చుక్కను నేరుగా చూపిస్తే ఎవరికీ దొరకదు. ముందు పెద్ద చుక్కను చూపించి, ‘ఇదే’ అని నమ్మించి, చూపు కుదురుకున్నాక ‘ఇది కాదు, దీని పక్కది’ అనాలి. తెలిసినదాని ఆసరాతో తెలియనిదాన్ని పట్టిచ్చే ఈ పద్ధతికి మన శాస్త్రాల్లో ‘స్థూలారుంధతీ న్యాయం’ అని పేరు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ ఉదాహరణనే వాడారు.

కంటిచూపుకి కూడా ఇది పాత పరీక్షే. అరుంధతి కనిపించని వాడికి ఆయుష్షు తీరినట్టేనని సుశ్రుత సంహిత చెబుతుంది. అరబ్బులు ఈ చుక్కని ‘సుహా’ అన్నారు. వాళ్లూ దీంతోనే చూపును పరీక్షించుకునేవారు. జపాన్‌లోనూ దీన్ని ఆయుష్షుతో ముడిపెట్టిన నమ్మకం ఉంది.

పెళ్లికీ ఈ చుక్కకీ సంబంధం పురాణంలో దొరుకుతుంది. స్వాహాదేవి ఆరుగురు రుషిపత్నుల రూపాలు ధరించగలిగిందట. అరుంధతి రూపం మాత్రం ఆమెకు సాధ్యం కాలేదట. నిందపడిన ఆ ఆరుగురూ దూరంగా వెళ్లి కృత్తికలయ్యారనీ, అరుంధతి ఒక్కతే భర్త పక్కన నిలిచిందనీ మహాభారత కథ. ఆ భారతంలోనే మరో మాట కూడా ఉంది. యుద్ధానికి ముందు కనిపించిన అపశకునాలను ధృతరాష్ట్రుడికి వివరిస్తూ, అరుంధతి వశిష్ఠుణ్ని వెనక్కి నెట్టి ముందు నడుస్తోందని వ్యాసుడు చెబుతాడు.

ఇద్దరు కాదు... ఆరుగురు!

కంటికి కనిపించేది రెండే. టెలిస్కోపు వచ్చాక కథ మారింది. 1617లో గెలీలియో శిష్యుడు కాస్టెల్లి వశిష్ఠుణ్ని గమనించి, అది ఒకటి కాదు, రెండు చుక్కలని గుర్తించాడు. 1857లో అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీ ఈ జంటను ఫొటో తీసింది. ఒక జంట తారను ఫొటో తీయడం అదే మొదలు. 1889లో పికరింగ్ అనే శాస్త్రవేత్త వర్ణపటాన్ని పరిశీలించి, ఆ రెండింటిలో పెద్దది మళ్లీ ఓ జంట అని ప్రకటించాడు. అవి ఒకదాని చుట్టూ ఒకటి సుమారు 20 రోజులకో చుట్టు తిరుగుతాయి. చిన్నది కూడా జంటేనని తర్వాత తేలింది. 2009లో అరుంధతి పక్కనా మసకబారిన ఓ తోడు కనిపించింది. మొత్తం ఆరు నక్షత్రాలు!

‘మిగతా జంట తారల్లో ఒకటి నిలబడితే ఒకటి తిరుగుతుంది, అరుంధతీ వశిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు’ అనే మాట సెల్‌ఫోన్లలో చక్కర్లు కొడుతుంటుంది. అది సరికాదు. ఏ జంట తారలైనా తమ ఉమ్మడి కేంద్రం చుట్టూ రెండూ తిరగాల్సిందే. ఇక వీళ్లిద్దరి మధ్యా కాంతి సంవత్సరాల్లో కొలవాల్సినంత ఎడం ఉంది. కాబట్టి మానవ చరిత్ర మొత్తం కలిపినా ఒక్క చుట్టూ పూర్తయి ఉండదు. అయినా ఇద్దరూ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో ప్రయాణిస్తున్నారు. ఒకరి ఆకర్షణకు ఒకరు కట్టుబడి ఉన్నారనడానికి గట్టి ఆధారాలే దొరికాయి. పెళ్లిలో చెప్పుకోవడానికి ఈ సంగతి చాలదూ!

వీళ్లు మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు. ఈ రాత్రి రాయికోడ్ చేల మీద కనిపించే వెలుగు అక్కడినుంచి బయల్దేరిన నాటికి ఇక్కడ ఇంకా నిజాం పాలనే నడుస్తోంది.

జంట తారల అధ్యయనంలో హైదరాబాద్‌కీ వాటా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. నగరం పెరిగి ఆకాశం వెలిసిపోవడంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఊరికి దూరంగా జాపాల-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. ఆచార్య కె.డి.అభ్యంకర్ బృందం అక్కడ గ్రహణ జంట తారలను పరిశోధించింది. చీకటిని వెతుక్కుంటూ శాస్త్రవేత్తలు బేగంపేట వదిలి పల్లెకు వెళ్లారు. ఆ చీకటి రాయికోడ్ లాంటి ఊళ్లలో ఇంకా మిగిలుంది. కానీ ఎల్ఈడీ స్తంభాలూ ఫంక్షన్ హాళ్ల ఫ్లడ్ లైట్లూ పల్లెలకూ వచ్చేస్తున్నాయి.

ఎప్పుడు చూడాలి?

* మాఘమాసం పెళ్లిళ్లలో: రాత్రి 10 తర్వాత, ఈశాన్యంలో.
* వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో: చీకటి పడింది మొదలు అర్ధరాత్రి దాటేదాకా, ఉత్తరాన బాగా ఎత్తులో. అన్నిటికన్నా మంచి కాలం ఇదే.
* శ్రావణంలో: మబ్బు లేకపోతే రాత్రి 8 గంటలకు, వాయవ్యంలో.
* కార్తీకంలో: తెల్లవారుజామున, ఈశాన్యంలో.

ముహూర్తం పగలే కుదిరినా బెంగ లేదు. అయ్యగారు చెయ్యి చూపించినప్పుడు దండం పెట్టుకోండి. రాత్రి భోజనాలయ్యాక కొత్త జంటను, వాళ్లతోపాటు ఇంట్లో పిల్లలను డాబా మీదికి తీసుకెళ్లండి. పందిరి లైట్లు ఓ పది నిమిషాలు ఆర్పించండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ముందు పెద్దాయన్ని చూపించండి. పక్కనే ఆమె ఉంటుంది.